మూడో రోజుకే "పైన రాసినవే"

నా నోట్‌బుక్కు మొదటి పేజీ ఇప్పుడు తీసి చూస్తే నాకే నవ్వొస్తుంది. ఒకటి, ఆరోగ్యం. రెండు, కుటుంబం. మూడు, ఉద్యోగం. మర్నాటి తేదీ కింద కూడా అవే మూడు, కాకపోతే ఉద్యోగం ఒక మెట్టు పైకెక్కి రెండో స్థానంలో కూర్చుంది. మూడో రోజు "పైన రాసినవే" అని ఒక్క ముక్క గీకి పుస్తకం మూసేశాను. రోజూ కృతజ్ఞత రాసుకుంటే సంతోషం పెరుగుతుందని విని మొదలుపెట్టిన మనిషిని, మూడు రోజులకే హాజరుపట్టీలో సంతకం గిలికి వెళ్ళిపోయే ఉద్యోగిలా తయారయ్యాను.

రాయమన్నది మా అక్క. అప్పట్లో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పోనీ పెద్ద కష్టమేమైనా వచ్చిందా అంటే అదీ లేదు. ఆఫీసులో పని ఎక్కువైంది, అది అందరికీ ఉండేదే. ఇంటి పంపకాల దగ్గర మా అన్నయ్యకీ నాకూ మాటా మాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశాం, అప్పటికి రెండేళ్ళు. పగలంతా ఏదో పనిలో గడిచిపోయేది గానీ లైటార్పి పక్కమీద వాలగానే నా బుర్రలో కోర్టు మొదలయ్యేది. బోనులో అన్నయ్య. నేనే లాయర్ని, నేనే జడ్జిని, సాక్షులు కూడా నావాళ్ళే. ఆ రోజు ఆయన అన్న మాటకి అప్పుడు తట్టని జవాబు ఇప్పుడు టకటకా వచ్చేది, దానికి ఆయన ఏమంటాడో కూడా నేనే ఊహించుకుని, దానికీ జవాబు చెప్పి, ఒక్క రాత్రి కూడా ఓడిపోకుండా గెలిచీ గెలిచీ ఒంటిగంట దాటేది. పొద్దున లేస్తే గెలిచిన ఆనందం లేదు సరికదా, ఎవరో చితక్కొట్టినట్టు ఒళ్ళు నొప్పులు.

"ఒరేయ్, పడుకునేముందు ఆ రోజు జరిగిన మంచివి మూడు కాగితం మీద పెట్టు. నేను రాస్తున్నా, నాకు కాస్త తేడా తెలుస్తోంది," అంది అక్క ఫోన్లో.

"నాకిలాంటి సూక్తులు ఎక్కవక్కా."

"సూక్తి కాదురా, పెన్నుతో చేసే పని. చేసి చూడు, కుదరకపోతే అప్పుడు తిట్టు నన్ను."

తను రెండు రోజులకోసారి ఫోన్ చేసి "రాశావా" అని అడుగుతుంటే తప్పించుకోలేక మూడు వారాలు లాగించాను. ఆ మూడు వారాల్లో సంతోషం పెరగలేదు. నిజం చెప్పాలంటే కొంచెం తగ్గింది. ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం, ఉండటానికి ఇల్లు, పాప చదువు అని వరసగా రాసుకుంటూ పోతే చివరికి ఆ జాబితా నన్నే నిలదీస్తున్నట్టు ఉండేది. ఇన్ని ఉన్నాయి కదా, ఇంకా ఆ ఏడుపుమొహం ఏంటి నీకు? అంతకుముందు అన్నయ్య ఒక్కడే ముద్దాయి, ఇప్పుడు నేనూ బోనెక్కాను.

చాలామంది ఇక్కడే వదిలేస్తారనుకుంటాను. నేనూ వదిలేసేవాణ్ణే, కానీ నాకొక అలవాటుంది, మందు వేసుకునేముందు డబ్బాలో మడిచిపెట్టిన చీటీ మొత్తం చదవందే వేసుకోను. ఇదీ అంతే. అసలు ఈ పద్ధతిని పరీక్షించినవాళ్ళు ఎవరు, వాళ్ళు మనుషుల చేత సరిగ్గా ఏం చేయించారు అని చూశాను. చూస్తే వాళ్ళు చేయించినదానికీ నేను చేస్తున్నదానికీ పోలికే తక్కువ.

2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కలా అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ పరిశోధన ప్రచురించారు. కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఆ వారంలో తమకు కృతజ్ఞత కలిగించినవి ఐదు దాకా రాయాలి, రెండో గుంపు చిరాకు పెట్టినవి రాయాలి, మూడో గుంపు మంచీ చెడూ చూడకుండా ఆ వారం జరిగినవేవో రాయాలి. వారానికోసారి, పది వారాలు. చివరికి మొదటి గుంపువాళ్ళు తమ జీవితం మీద మిగతావాళ్ళకంటే తృప్తిగా, రాబోయే వారం మీద ఎక్కువ ఆశగా ఉన్నారు. చిరాకులు రాసినవాళ్ళకంటే వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. ఇంకో ప్రయోగంలో నరాలకు, కండరాలకు సంబంధించిన జబ్బులున్నవాళ్ళ చేత 21 రోజులు రోజూ రాయించారు. వాళ్ళ జబ్బు ఎక్కడికీ పోలేదు, కానీ నిద్ర మెరుగైంది. నాకు కావలసింది అదే కాబట్టి అక్కడ కాసేపు ఆగాను.

అయితే నన్ను పట్టుకున్నది మొదటి గుంపు కాదు, రెండోది. చిరాకులు రాసుకునే గుంపు. పెన్నూ కాగితం లేకుండా నేను రెండేళ్ళుగా ఆ గుంపులోనే ఉన్నాను, అదీ వారానికోసారి కాదు, రాత్రికోసారి. ఈ కృతజ్ఞత వ్యవహారం ఏమీ చేయకపోయినా, ఆ పది నిమిషాలు కోర్టుకి సెలవిచ్చినా లాభమేనని అప్పుడనిపించింది.

ఇంకో రెండు సంగతులు దొరికాయి. సోన్యా ల్యూబోమిర్‌స్కీ అనే ఆవిడ చేయించిన ఒక ప్రయోగంలో ఆరు వారాలపాటు కొందరు వారానికోసారి, కొందరు వారానికి మూడుసార్లు రాశారు. సంతోషం పెరిగింది వారానికోసారి రాసినవాళ్ళకి. మూడుసార్లు రాసినవాళ్ళకి పెరగలేదు. ఎక్కువ రాస్తే అరిగిపోతుందన్నమాట. మూడో రోజుకే "పైన రాసినవే" దాకా వచ్చిన నాకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. రెండోది మార్టిన్ సెలిగ్‌మన్, ఆయన తోటివాళ్ళు 2005లో ప్రచురించినది. అందులో రోజూ రాత్రి మూడు మంచి సంగతులు రాయాలి, వారం రోజులే. కానీ పక్కనే ఇంకో వాక్యం కూడా రాయాలి: అది ఎందుకు జరిగింది? ఆ వారం తర్వాత ఆరు నెలల దాకా గమనిస్తే, వాళ్ళు అంతకుముందుకంటే సంతోషంగానే ఉన్నారు. వారం అయిపోయాక కూడా ఎవరూ చెప్పకుండానే సొంతంగా కొనసాగించినవాళ్ళకి లాభం ఎక్కువ.

ఈ "ఎందుకు" అనే ముక్క అక్క నాకు చెప్పలేదు. తనకే తెలియదేమో. కానీ నా విషయంలో మొత్తం కీలకం అక్కడే ఉంది.

ఉదాహరణ చెబుతాను. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. నేను ఆఫీసులో, మా ఆవిడ ఇంకో ఆఫీసులో, తీగ మీద ఆరేసిన బట్టలు బయట. సాయంత్రం నేను చిరాకుపడుతూ ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు కుర్చీలో బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. పక్కింటావిడ తీసింది. పాత పద్ధతిలో అయితే "మంచి పొరుగు" అని రాసి ఊరుకునేవాణ్ణి. ఆ రాత్రి ఎందుకు జరిగింది అని రాయాల్సొచ్చింది కదా, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎందుకంటే ఆవిడ కిటికీలోంచి చూసింది. ఎందుకంటే తన బట్టలు తీసుకోవడానికి బయటికొచ్చి, మావి కూడా చూసింది. చూసి వదిలేయొచ్చు. తీసి అలాగే కుప్పగా పడేసి పోవచ్చు, అప్పటికీ అది సాయమే. కానీ మడతపెట్టింది. పాప యూనిఫాం అన్నిటికంటే పైన పెట్టింది, మర్నాడు బడి ఉందని. ఆ యూనిఫాం పైన ఉండటం సాయంత్రం నా కళ్ళ ముందే ఉంది, నేను చూడలేదు. రాస్తున్నప్పుడు కనపడింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, రెండు మెట్లు దిగి, వానలో, మా పిల్ల బడి గురించి ఆలోచించింది అని కాగితం మీద చూసుకునేసరికి గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. ఆ రాత్రి కోర్టు పెట్టడం మర్చిపోయి నిద్రపోయాను. మర్చిపోయానన్న సంగతి మర్నాడు స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది.

కృతజ్ఞత అనే మాటనే విడదీసి చూడండి. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినదాన్ని తెలుసుకున్నవాడు కృతజ్ఞుడు. అంతేగానీ చేతులు జోడించినవాడనో, పొంగిపోయినవాడనో అందులో లేదు. నేను రాసిన "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" జాబితాలో చేసినవాళ్ళు ఎవరూ లేరు, చేసిన పనీ లేదు. నా దగ్గరున్న ఆస్తుల పట్టిక అది. ఎందుకు అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పట్టికలోంచి ఎవరో ఒక మనిషి బయటికొస్తాడు. ఎప్పుడూ రాడనుకోండి, కొన్నిసార్లు "ఎందుకంటే ఎండ తగ్గింది కాబట్టి" అనే జవాబే ఉంటుంది, ఉండనీ.

ఉన్నవి మనకి ఎందుకు కనపడవు అంటే దానికీ ఒక పాత పరిశోధన ఉంది. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు కలిసి లాటరీ తగిలినవాళ్ళనీ మామూలు వాళ్ళనీ పోల్చి చూశారు. లాటరీవాళ్ళు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు, పైగా రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వాళ్ళకి కలిగే ఆనందం మామూలువాళ్ళకంటే తక్కువ. దీనికి మనవాళ్ళు ఏ పరిశోధనా చేయకుండానే పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత కట్టేశారు. రోజూ కనపడేది చెట్టులా కాక గోడలా కనపడుతుంది. అందుకే "కుటుంబం" అని వంద రాత్రులు రాసినా ఏమీ కదలదు.

గోడని మళ్ళీ చెట్టుగా చూడటానికి నాకు బాగా పనికొచ్చిన ఉపాయం ఇంకొకటి. అది లేకపోయి ఉంటే? 2008లో మిన్‌క్యుంగ్ కూ అనే పరిశోధకురాలు, టిమోతీ విల్సన్, ఇంకొందరు దీన్ని పరీక్షించారు. తమ జీవిత భాగస్వామిని ఎలా కలిశారో రాసినవాళ్ళకంటే, అసలు కలవకుండా పోయే అవకాశం ఎలా ఉండిందో రాసినవాళ్ళు ఆ బంధం మీద ఎక్కువ తృప్తి చెందారు. నాకు ఇది వినగానే కాస్త అపశకునంలా అనిపించింది. అయినా ఒక ఆదివారం కూర్చున్నాను.

నేను మా ఆవిడని మొదట చూసింది ఒక స్నేహితుడి పెళ్ళిలో. దానికి రెండు రోజుల ముందు నాకు జ్వరం. పెళ్ళినాటి పొద్దున దాకా వెళ్ళకూడదనే అనుకున్నాను, టెంపరేచర్ తగ్గింది కాబట్టి, ఇంట్లో బోరు కొడుతోంది కాబట్టి లేచి వెళ్ళాను. అంటే నా పదమూడేళ్ళ కాపురం, మా పాప, ఈ ఇల్లు, అన్నీ ఒక పారాసిటమాల్ బిళ్ళ మీద ఆధారపడ్డాయి. ఇది రాసి ఆవిడకి చూపించాను. చదివి, "నేను మాత్రం? ఆ రోజు నేనూ రానన్నాను, తెలుసా? మా చెల్లి ఒక్కతే వెళ్ళనని ఏడిస్తే, దాని పోరు పడలేక వచ్చాను," అంది. పదమూడేళ్ళలో ఈ సంగతి నాకు తెలియదు. మరదలికి నేను ఎప్పుడూ ఒక్క మంచి మాట చెప్పిన పాపాన పోలేదు, ఆ రోజు ఫోన్ చేసి "నువ్వు ఏడ్చినందుకు థాంక్స్" అన్నాను. "బావగారూ, బాగానే ఉన్నారా?" అంది.

అసలు ఇబ్బంది ఇదే. సొంతవాళ్ళకి థాంక్స్ చెబితే ఎబ్బెట్టుగా ఉంటుంది. ధన్యవాదాలు అంటే సభలో మైకు ముందు చెప్పేది. "మనలో మనకి థాంక్సులేంటి" అనేస్తారు, అంటే మనం చెప్పకపోతేనే ప్రేమ ఉన్నట్టు. ఆ మాటలో ఉన్న ఆప్యాయత నాకూ ఇష్టమే, కానీ దాని చాటున చాలా బద్ధకం దాక్కుంటుంది. నేను కనిపెట్టిన మార్గం ఏంటంటే, థాంక్స్ అనే మాట వాడకుండా చేసిన పని పేరు చెప్పడం. "పాప యూనిఫాం పైన పెట్టారు కదండీ, పొద్దున వెతుక్కోకుండా అయింది," అన్నాను పక్కింటావిడతో. ఆవిడ మొహం చూడాల్సింది. థాంక్స్ అంటే "అయ్యో పర్లేదు" అని తుడిచేసేవాళ్ళు, ఇలా అంటే తుడిచేయలేరు.

ఇక ఉత్తరం సంగతి. సెలిగ్‌మన్ వాళ్ళ ప్రయోగంలోనే ఇంకో పద్ధతి ఉంది. మనకి మేలు చేసి, మనం సరిగ్గా ఎప్పుడూ చెప్పుకోని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి ఇవ్వాలి. వాళ్ళు చేయించిన వాటన్నిట్లో మొదట్లో సంతోషం బాగా పెంచింది ఇదే, అయితే ఆ ప్రభావం నెల రోజుల దాకానే. నేను ఇవ్వడానికి వెళ్ళలేదు, దూరం. పోస్టులో పంపాను.

ఎవరికంటే, నా మొదటి ఉద్యోగంలో నా పై ఆయనకి. లెక్కల విభాగం. చేరి రెండు నెలలు కూడా కాలేదు, నెలాఖరున నా ఖాతాలో 180 తేడా వచ్చింది. చూడ్డానికి చిన్నదే, కానీ తేడా తేడాయే, దొరక్కపోతే ఆ నెల పుస్తకం మూయడానికి లేదు. అందరూ వెళ్ళిపోయారు. నేను వోచర్లు ఒక్కొక్కటే మొదటినుంచి చూస్తూ, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఆయన బ్యాగు భుజానికి తగిలించుకుని బయటికి వెళ్తూ ఆగి, కుర్చీ లాక్కుని కూర్చుని, "తేడా ఎంత?" అన్నారు. చెప్పాను. "తొమ్మిదితో పోతుందా?" అన్నారు. పోతుంది, ఇరవై. "అయితే డబ్బులు ఎక్కడికీ పోలేదు, ఎక్కడో రెండు అంకెలు తారుమారు చేశావు. అలాంటిది వెతుకు," అన్నారు. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా పోతుందట. పావుగంటలో దొరికింది, 5,463కి బదులు 5,643 అని వేశాను. ఆయన లేచి బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయారు. మర్నాడు ఎవరితోనూ ఆ ఊసు ఎత్తలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో తొమ్మిది సూత్రం నేను ఎన్నిసార్లు వాడానో, ఎంతమంది కుర్రాళ్ళకి చెప్పానో లెక్కలేదు, కానీ ఆయనకి మాత్రం చెప్పలేదు.

ఉత్తరం రాయడం ఒక్క సాయంత్రం పని. పంపడానికి పదకొండు రోజులు పట్టింది. ఇన్నేళ్ళ తర్వాత ఇదేంటి అనుకుంటారేమో, ఏదో సాయం అడగడానికి కాకా పడుతున్నాననుకుంటారేమో, భాష మరీ నాటకీయంగా ఉందేమో అని ఒకటే టెన్షన్. దీని మీద కూడా పరిశోధన ఉందని తర్వాత తెలిసింది. 2018లో అమిత్ కుమార్, నికలస్ ఎప్లీ అనే ఇద్దరు చేశారు. ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్ళు, అందుకునేవాళ్ళు ఇబ్బందిపడతారని లేనిపోనిది ఊహించుకుంటారు, వాళ్ళకి ఎంత ఆశ్చర్యం, ఎంత ఆనందం కలుగుతాయో మాత్రం తక్కువ అంచనా వేస్తారు. రాసేవాడికి మాటలు సరిగ్గా కుదిరాయా అన్న గొడవ, అందుకున్నవాడికి అందులోని ఆప్యాయత ముఖ్యం.

సార్ ఫోన్ చేశారు. గొంతు మారింది, పెద్దాయన అయిపోయారు.

"ఏమయ్యా, ఉత్తరం చదువుతుంటే ఎవరో చాలా మంచివాడి గురించి రాశావనుకున్నాను."

"మీ గురించే సార్."

"నాకు ఆ రోజు గుర్తే లేదయ్యా. తొమ్మిది సంగతి అందరికీ చెప్పేవాణ్ణి, అందులో నువ్వూ ఉండుంటావు." కాసేపు ఆగి, "నీ గురించి నాకు గుర్తున్నది వేరే. ఒకసారి అందరి ముందూ నిన్ను బాగా తిట్టాను. తప్పు నీది కాదని తర్వాత తెలిసింది. చెబుదామనుకునేలోపు నువ్వు వేరే చోటికి మారిపోయావు. అది అప్పుడప్పుడు గుర్తొస్తూ ఉంటుంది," అన్నారు.

నాకు ఆ తిట్టు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయనకి నా సాయంత్రం గుర్తులేదు, నాకు ఆయన తిట్టు గుర్తులేదు. ఒకరి దగ్గరున్న లెక్క ఇంకొకరి పుస్తకంలో లేదు. తర్వాత ఆయన, "ఆ సాయంత్రం మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నారు. బ్యాగు తగిలించుకోవడం దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. మధ్యలో "ఇంకా?" అంటూ విన్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు, మా పాప ఏదో పగలగొట్టినా కోపం రాలేదు. నెల తర్వాత ఆ ఊపు తగ్గింది, నిజమే. కానీ తగ్గినా ఆ ఫోన్ కాల్ మాత్రం నా దగ్గరే ఉంది.

ఇదంతా చదివి, ఇది అన్నిటికీ మందు అని చెబుతున్నాననుకోకండి. కాదు. 2021లో చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, డిప్రెషన్, ఆందోళన లాంటివాటి మీద ఈ కృతజ్ఞత అభ్యాసాల ప్రభావం చిన్నదేనని తేలింది. మనసు నిజంగా జబ్బుపడితే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, నోట్‌బుక్కు దగ్గరికి కాదు.

నాకు ఎదురుదెబ్బ తగిలింది ఇంకో దగ్గర. అప్పట్లో ఆఫీసులో ఇద్దరు మానేస్తే వాళ్ళ పని నా మీద పడింది, ఎనిమిది నెలలు. అడిగితే పై అధికారి నవ్వుతూ "ఈ రోజుల్లో ఉద్యోగం ఉన్నందుకు సంతోషించాలండీ" అన్నాడు. తప్పు ఆయనదే, కానీ ఆ మాట నాకు సూటిగా తగలడానికి కారణం, ఇంట్లో నేనే రోజూ "మూడు, ఉద్యోగం" అని రాసుకోవడం. నోరెత్తకుండా ఉండటానికి నా నోట్‌బుక్కే ఆయన తరఫు సాక్ష్యం చెప్పింది. ఎందుకు అనే ప్రశ్న నేర్చుకున్నాక దాని గురించి కూడా రాశాను: ఈ ఉద్యోగంలో నాకు ఎవరు ఏం చేశారు? పక్క సీటు అమ్మాయి రెండుసార్లు నా రిపోర్టులు పూర్తి చేసింది, దానికి కృతజ్ఞత. పై అధికారి ఏం చేశాడు? ఏమీ రాయడానికి దొరకలేదు. ఆ ఖాళీ చూసుకున్న వారమే వెళ్ళి ఇంకో మనిషిని ఇస్తారా, నా పని తగ్గిస్తారా తేల్చమని అడిగాను. ఇచ్చారు, ఆలస్యంగా.

అలాగే "నీకంటే కింద ఉన్నవాళ్ళని చూసుకో" అనే సలహా. నాకు అది పడదు. ఇంకొకరి లేమిని చూసి నేను సంతోషించడం కృతజ్ఞత ఎలా అవుతుంది? అందులో నాకు ఎవరూ ఏమీ చేయలేదు కదా. పైగా అదే కళ్ళు కాసేపట్లో పైనున్నవాళ్ళని కూడా చూస్తాయి.

ఇప్పుడు నేను చేసేది చాలా తక్కువ. ఆదివారం రాత్రి, వారానికి ఒక్కసారి, ఒకటో రెండో సంగతులు, ఎందుకు అనేదానితో సహా. కొన్ని వారాలు ఎగ్గొడతాను. సంతోషం ఎంత పెరిగిందని అడిగితే కొలిచి చెప్పలేను. మా ఆవిడ మాటల్లో అయితే "ఇంటికొచ్చాక చెప్పులు విసిరే చప్పుడు తగ్గింది". నిద్ర పన్నెండులోపు పడుతుంది, చాలా రోజులు పదకొండుకే. పగలు కూడా, ఆదివారం రాయడానికి ఏమన్నా దొరుకుతుందా అని కళ్ళు వాటంతటవే వెతుకుతుంటాయి. ఎవరో తలుపు పట్టుకుని ఆగడం, ఎవరో ఫైలు తెరిచి సరైన పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి ఇవ్వడం, ఇలాంటివి ఇదివరకు నా కంట పడేవే కావు.

కోర్టు మాత్రం పూర్తిగా మూతపడలేదు. ఆ "లేకపోయి ఉంటే" ఆట ఒక ఆదివారం నా చదువు మీద ఆడాను, దాంతో కొత్త చిక్కొచ్చింది. నా డిగ్రీ చివరి ఏడాది నాన్న మంచాన పడ్డాడు. అన్నయ్య ఉద్యోగంలో చేరి నా ఫీజు కట్టాడు. అది నాకెప్పుడూ తెలిసిందే, గోడలా. ఎందుకు అని రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది: అప్పటికి తను పై చదువుకి దరఖాస్తు కాగితాలు తెచ్చిపెట్టుకున్నాడు. నింపని కాగితాలు. అవి అల్మరా పై అరలో చాన్నాళ్ళు ఉన్నాయి, నేను పుస్తకాలు తీసుకునేటప్పుడల్లా చేతికి తగిలేవి. రెండేళ్ళు రోజూ రాత్రి విచారణ జరిపించానా, ఈ సాక్షిని ఒక్కసారి కూడా పిలవలేదు.

అలాగని పంపకాల దగ్గర తప్పు నాదని ఒప్పుకోను. అక్కడ తప్పు ఆయనదే, ఇప్పటికీ అదే అంటాను. రెండూ ఒకే మనిషి చేశాడు, రెండూ రాసుకోవాలి, రెంటినీ కొట్టేసి సున్నా చేయడానికి అవి జమా ఖర్చులు కావు. ఇది అర్థమయ్యాక ఉత్తరం మొదలుపెట్టాను. మొన్న అక్క ఫోన్ చేసినప్పుడు చెప్పాను.

"నిజంగానా? ఏం రాశావురా?"

"అన్నయ్యా, అని రాశాను."

"తర్వాత?"

"కామా పెట్టాను."